తొమ్మిదో నంబరు కొలతలు

మా ఆయనకీ మా తమ్ముడికీ ఒక ఆట ఉంది. హాకీ కాదు, అదెలాగూ ఉంది. ఇది ఇంట్లో ఆడేది. ఒకడు మొహం గంభీరంగా పెట్టి పచ్చి అబద్ధం చెప్పాలి. రెండోవాడు నమ్మాడా, చిత్తయ్యాడన్నమాట. ఓసారి మా ఆయన తింటూ తింటూ, మా ఇల్లు సినిమావాళ్ళు అద్దెకడిగారనీ, దెయ్యం సీను తీస్తారనీ, దెయ్యం వేషానికి మావాడి మొహం మేకప్పు లేకుండానే పనికొస్తుందన్నారనీ చెప్పాడు. మావాడు మర్నాడు పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఆ కసి తీర్చుకోవడానికి కొన్నాళ్ళయ్యాక ఒక పిల్లని వెంటబెట్టుకొచ్చి, "పెళ్ళి చేసుకున్నాం బావా, ఆశీర్వదించు" అని కాళ్ళమీద పడ్డాడు. మా ఆయన ఇద్దరినీ ఆశీర్వదించి, లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. తీరా చూస్తే ఆ పిల్ల వాళ్ళ హాకీ జట్టు గోల్‌కీపర్ చెల్లెలు.

ఈ ఆటలో నా పని ఒక్కటే. నమ్మాలో వద్దో తేలనప్పుడు తమ్ముడు నా వైపు తిరిగేవాడు. "అక్కా, నిజమా?" అనేవాడు. నాకు నవ్వాపుకోవడం చేతకాదు, నా నోట్లో నువ్వుగింజ నానదు. అబద్ధమైతే కిసుక్కున నవ్వేస్తాను. నవ్వకపోతే నిజమని లెక్క. ఎంతమంది చెప్పినా మావాడికి చివరి మాట నా మొహమే.

మా అమ్మ పోయేనాటికి వాడింకా బడిపిల్లాడు. ఒక రేకు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాకప్పటికి కొత్తగా పెళ్ళయింది. మా ఆయన క్లబ్బు జట్టుకి కోచ్, ఊళ్ళో అందరికీ మాస్టారు. వాడు రోజంతా మూల కూర్చుని గోడ గోకుతుంటే చూడలేక ఒక హాకీ స్టిక్ చేతిలో పెట్టి మైదానానికి లాక్కెళ్ళాడు. దాయాది చావు కోరతాడు, బావ బతుకు కోరతాడు అంటారు. మా ఆయన వాడి బతుకే కోరాడు. ఆయనమీద నాకు ఎన్ని కోపాలున్నా ఆ మాట మాత్రం ఎక్కడైనా చెప్తాను.

వాడు పెద్దవాడయ్యాడు, సెంటర్ ఫార్వర్డ్ అయ్యాడు. తొమ్మిదో నంబరు చొక్కా వాడిది. బంతి ఎక్కడుంటే అక్కడికి ఎగిరి పడతాడని జట్టులో మిడత అని పేరు పెట్టారు. మనిషి కూడా అంతే, బక్కపీనుగ. మా ఇంటి ముందుగదిలో నాకు కుట్టు షాపుంది. ఏటేటా జట్టు చొక్కాలు నేనే కుడతాను. ఎవరెవరి చాతీ ఎంతో, ఎవరి భుజం ఏ వైపు వాలి ఉంటుందో, ఎవరు ఏడాదిలో పొట్ట పెంచారో అన్నీ నాకు తెలుసు.

పోయిన ఏడాది ఒక మ్యాచ్‌లో బంతి లేచి మావాడి దవడకి తగిలింది. కుట్లు పడ్డాయి. మానింది. ఆ తరవాత గోల్స్ కొట్టడం ఆగిపోయింది. ముందు ఎవరూ లేకపోయినా బంతి పక్కకే పోయేది. ఒకప్పుడు వాడి పేరెత్తి ఈలలేసినవాళ్ళే మెట్లమీద కూర్చుని, "ఎగిరెగిరి దంచినా అంతే కూలి!" అని అరవడం మొదలుపెట్టారు. నేను ఒకసారి వెనక్కి తిరిగి అరిచినవాణ్ణి కడిగేశాను. వాడు నా దగ్గర ప్యాంటు కుట్టించుకునేవాడే. మళ్ళీ షాపుకి రాలేదు, రాకపోతే పీడాపోయింది.

క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఆటగాణ్ణి తీసుకునేటప్పుడు కోచ్ స్వయంగా వాళ్ళింటికెళ్ళి, పెద్దవాళ్ళ ముందు కూర్చుని అడగాలి. తీసేసేటప్పుడూ అంతే. ఫోనులో చెప్పడం, గోడకి కాగితం అంటించడం మర్యాద కాదు. వెళ్ళాలి, కూర్చోవాలి, మంచినీళ్ళడిగి తాగాలి. "మీ పిల్లాణ్ణి మీ చేతుల్లోంచి తీసుకున్నాను, మళ్ళీ మీ చేతుల్లోనే పెడుతున్నాను" అని చెప్పి రావాలి. ఎన్నో ఇళ్ళకి మా ఆయన అలా వెళ్ళొచ్చాడు. వచ్చినరోజు అన్నం సయించేది కాదు.

ఆ మధ్యాహ్నం నేను చొక్కాలకి చేతులు కలుపుతున్నాను. ఆదివారం పెద్ద మ్యాచ్ ఉంది, కొత్త చొక్కాలు కావాలన్నారు. మా ఆయన ఇంటి తలుపులోంచి కాకుండా షాపు తలుపులోంచి వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. షాపుకొచ్చినవాళ్ళు కూర్చునే బల్లమీద, అంచున కూర్చున్నాడు.

"కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు.

"ఏమిటీ వేషం? కుండ లోపలే ఉంది, దారి మర్చిపోయారా?" అన్నాను.

కదలలేదు. సరే, ఇదీ ఒక సరదా అనుకుని గ్లాసుతో తెచ్చిచ్చాను. తాగాడు. ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ, "మీ పిల్లాణ్ణి మీ చేతుల్లోంచి తీసుకున్నాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "బాగుందండీ, ఇప్పుడు నన్ను కూడా మీ ఆటలోకి దింపుతున్నారా?" అన్నాను. ఆయన మిగతా సగం కూడా చెప్పాడు. నేను నవ్వుతూనే మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

అప్పుడు తల దించుకుని, "తొమ్మిదో నంబరు చాతీ రెండంగుళాలు పెంచు. భుజం కూడా పెంచాలి" అన్నాడు.

పెడల్ మీద నా కాలు ఆగిపోయింది. చాతీ రెండంగుళాలు ఎక్కువంటే మా తమ్ముడు కాదు. ఆ భుజం పోయిన నెల కొత్తగా వచ్చిన కుర్రాడిది. నేనే కొలిచాను, అప్పుడు వాడికి నంబరు లేదు.

తరవాత నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఇల్లు పీకి పందిరేశాననుకోండి. తల్లిలేని పిల్లాడన్నాను, మీ చేత్తో పెంచి మీ చేత్తోనే గొంతు పిసుకుతారా అన్నాను. క్లబ్బు కమిటీవాళ్ళు కళ్ళెర్రజేస్తే కుక్కిన పేనులా పడి ఉంటారా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు.

"కళ్ళు మూసుకుంటున్నాడే" అన్నాడు చివరికి. "కొట్టే క్షణంలో గట్టిగా మూసుకుంటున్నాడు. గోలు వెనక నిలబడి కళ్ళారా చూశాను. వాడికే తెలీదు. ఎన్ని రకాలుగా ఆడించానో! పోలేదు. కమిటీవాళ్ళు ఎప్పుడో తీసెయ్యమన్నారు, నేనే ఆపుకొచ్చాను. ఇప్పుడు నాకే భయంగా ఉంది. కళ్ళు మూసుకున్నవాడు బంతొస్తే తప్పుకోలేడు. ఈసారి దవడతో పోతుందా?"

జవాబు లేనప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను. అరిచి అలసిపోయాక, "ఆదివారం మ్యాచ్ అయ్యాక చెప్పండి" అన్నాను.

"ఇవాళే చెప్తాను, భోజనాల దగ్గర. నువ్వేం మాట్లాడక్కర్లేదు. పక్కనుండు చాలు."

భోజనాల దగ్గర చెప్పాడు. తిప్పకుండా, నాన్చకుండా చెప్పాడు. "ఒరేయ్, నిన్ను జట్టులోంచి తీసేశాం. మీ అక్క చేతుల్లో పెట్టేశాను. ఆదివారం కొత్తవాడు ఆడతాడు." ఆ మొహం మామూలుగా ఆటలో పెట్టే మొహమే. ఆయనకున్నది ఒకటే మొహం, ఏం చేస్తాడు పాపం!

తమ్ముడు ముద్ద నములుతూ కాసేపు చూశాడు. "అలాగే బావా. పనిలోపని గోల్‌కీపర్ని కూడా తీసేసి మా అక్కని పెట్టు. ఆవిడ నోరు తెరిస్తే బంతి దానంతటదే వెనక్కి పోతుంది" అన్నాడు.

"నేను వేళాకోళం ఆడట్లేదు రా."

"నువ్వెప్పుడాడావు కనక!" అన్నాడు వాడు. అని, నా వైపు తిరిగాడు. "అక్కా, నిజమా?"

నా చేతిలో గరిటె ఉంది. వాడి కళ్ళు నా పెదాల చివర్లు చూస్తున్నాయి. చిన్నప్పటి నుంచీ అక్కడే చూస్తాడు. ఊరుకుంటే చాలు, వాడికి తెలిసిపోయేది. నోరు మెదపక్కర్లేదు, కేవలం ఊరుకోవాలి. ఎక్కణ్ణించి వచ్చిందో నవ్వొచ్చింది. నవ్వో ఏడుపో నాకే తెలీదు గానీ, పైకి నవ్వులాగే వచ్చింది. "తిను రా, చల్లారిపోతోంది" అన్నాను.

వాడు బల్ల చరిచాడు. "దొరికావు బావా! ఈసారి మాత్రం బాగా ఆడావు, కాసేపు నమ్మబోయాను."

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు.

గిన్నెలు సర్దుతుంటే మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కోప్పడలేదు. "నేను చెప్పాల్సింది చెప్పాను. ఇంకా వందసార్లు చెప్పినా నా మాట నమ్మడు. నువ్వు చెప్తే నమ్ముతాడు" అన్నాడు. "రేపు చెప్తాను" అన్నాను. చెప్పాలనే అనుకున్నాను కూడా.

పొద్దున వాడు పళ్ళు తోముకుంటుంటే మా ఆయన మళ్ళీ చెప్పాడు. "రెండోసారి చెబితే రుచుండదు బావా, ఇంకోటి వెతుక్కో" అని వాడు నోటినిండా నురగతో అన్నాడు. ఈల వేసుకుంటూ మైదానానికి పోయాడు. ఈల వేస్తున్నవాణ్ణి గుమ్మంలో ఆపి చెప్తామా? సాయంత్రం ఆకలితో వచ్చాడు. ఆకలిమీదున్నవాడికి చెప్తామా? తిన్నాక చెబుదామంటే, తిన్నది వంటబట్టొద్దా? మీరైతే చెప్పేవారేమో. మీ తమ్ముడు కాదుగా.

మైదానంలో మా ఆయన వాణ్ణి రెండో జట్టువైపు నిలబెట్టాడట. అదీ ఆటలో భాగమే అనుకున్నాడు మావాడు. "బావ ఈసారి నాటకం బాగా రక్తి కట్టిస్తున్నాడక్కా, గ్రౌండ్‌లో కూడా వదల్లేదు" అని వచ్చి చెప్పాడు. చెబుతూ స్టిక్‌కి కొత్త టేపు చుట్టుకున్నాడు. ఆదివారం కోసం.

మర్నాడు గోల్‌కీపర్ వచ్చాడు. వాణ్ణి జట్టులో తలుపు అంటారు, మూసుకుంటే చీమ కూడా దూరదని. కాలికి కట్టుకునే ప్యాడ్ పట్టీ తెగిందని తెచ్చాడు. పట్టీ తెగలేదు, బ్లేడుతో కోసుకొచ్చాడు. తెగినదానికీ కోసినదానికీ తేడా నాకు తెలీదా?

"ఎందుకొచ్చావో చెప్పు" అన్నాను.

"మీరైనా చెప్పండక్కా వాడికి" అన్నాడు. "మాకు ఎటు చూడాలో తెలీట్లేదు. బట్టలు మార్చుకునే గదిలో మాస్టారి గొంతు పెట్టి చేసి చూపిస్తున్నాడు. 'మీ అక్క చేతుల్లో పెట్టేశాను' అంటూ. అందరం నవ్వుతున్నాం. నవ్వకపోతే ఏమనుకుంటాడో అని నవ్వుతున్నాం. కొత్తవాణ్ణి పక్కకి పిలిచి, నీకు నంబరొస్తే దాచుకో, మా బావ రేపు దాన్ని కూడా పీకేస్తాడు అన్నాడు. ఆ కుర్రాడికి ఏడుపొక్కటే తక్కువ."

నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీద మండిందో తెలీక దొరికినవాడిమీద పడ్డాను. "అయితే నువ్వు చెప్పొచ్చుగా? స్నేహితుడివి, నీకు నోరు లేదా?"

"చెప్పానక్కా. నిన్ననే చెప్పాను." వాడు పట్టీ వైపు చూస్తూ అన్నాడు. "'పోరా, మా అక్కనడిగాను, నవ్వింది' అన్నాడు."

పట్టీ కుట్టిచ్చాను. డబ్బులివ్వబోతే కసిరి పంపేశాను.

అదే సాయంత్రం మావాడు షాపులోకి వచ్చాడు. చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి హ్యాంగర్లకి తగిలించి ఉన్నాయి. ప్రతి ఏడూ అందరికన్నా ముందు వాడే వేసుకుని చూసుకుంటాడు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ దాన్ని లోపల పెట్టలేదు. వాడంతట వాడే చూసుకుని తెలుసుకుంటాడని ఎక్కడో ఆశపడ్డానేమో. నా నోటిని నేను అంతగా తప్పించుకు తిరిగాను.

తొమ్మిదో నంబరు తీసి తలమీంచి దూర్చుకున్నాడు. చొక్కా జారింది. భుజం కుట్టు దండచెయ్యి మీదికి దిగింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. పకపకా నవ్వాడు.

"ఏంటక్కా ఇది? ఇందులో బావ కూడా పడతాడు. కొలత తప్పావు! నీ చెయ్యి కూడా తప్పుతుందా?"

అని రెండు చేతులూ కాస్త ఎత్తి నిలబడ్డాడు, నేను వచ్చి పక్కల గుండుసూదులు పెడతానని. చిన్నప్పుడు బడి చొక్కాలకి కూడా అలాగే నిలబడేవాడు. టేపు నా మెడలోనే ఉంది. "అవును రా, తప్పాను, విప్పి సరిచేస్తాను" అంటే సరిపోయేది. ఆ మాట వారానికోసారైనా ఎవరో ఒకరితో అంటాను, నా తప్పు లేకపోయినా అంటాను. బేరం పోకుండా ఉండాలిగా. వాడు ఇంకా చేతులెత్తే ఉన్నాడు. ఆదివారం కూడా ఇలాగే నమ్మకంగా అందరి ముందుకి వెళ్తాడని తోచింది. వెళ్ళి, అక్కడ నవ్వుతాడు.

"తప్పలేదు రా" అన్నాను.

"మరి?"

"అది నీది కాదు."

వాడు నా పెదాల చివర్లు చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు నవ్వు రాలేదు. చేతులు మెల్లగా దించాడు. దవడ కింద మచ్చ ఉన్నచోట ఒకసారి తడుముకున్నాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"బావ నీకు చెప్పకముందే."

వాడు అరుస్తాడని చూశాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, అది నాకు బాగా వచ్చు. అరవలేదు. చొక్కా విప్పాడు. విప్పేటప్పుడు తిరగబడితే మళ్ళీ సరిగ్గా తిప్పాడు. హ్యాంగర్‌కి తగిలించి, ముడత సవరించాడు. బనీనుతో బల్లమీద కూర్చున్నాడు. ఎముకలు కనిపిస్తున్నాయి. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు వాడికి.

"బావ చెప్పాడు" అన్నాడు. "నిన్న పొద్దున మళ్ళీ చెప్పాడు. తలుపుగాడు చెప్పాడు. అందరూ చెప్పారు. నేను నిన్నడిగాను."

"నీ మనసు కష్టపడుతుందని…"

"నేను కోతిలా ఎగిరానక్కా వాళ్ళ ముందు. రెండ్రోజులు. కొత్తవాడు నా సంచి మోసుకొచ్చి ఇచ్చాడు. ఎందుకింత మర్యాద అనుకున్నాను."

దగ్గరికి వెళ్ళి తలమీద చెయ్యి వేశాను. చెయ్యి తోసెయ్యలేదు. అలాగని ఆనుకోనూ లేదు. కాసేపటికి లేచి, గుమ్మం మెట్లమీదికి వెళ్ళి కూర్చున్నాడు. అక్కడే ఉన్నాడు, మా ఆయన ఇంటికొచ్చేదాకా.

వాళ్ళిద్దరూ మెట్లమీద ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. వినడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాను, నిజమే. మా ఆయన గొంతు ఒక్కటే మెల్లగా వినిపించింది. నేను వెళ్ళేసరికి అదీ ఆగిపోయింది. బావగారి మీద వాడు విరుచుకుపడతాడనీ, అడకత్తెరలో పోకచెక్కలా నేను మధ్యలో నలిగిపోతాననీ రెండ్రోజులుగా భయపడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. ఇద్దరూ చేతులు కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చున్నారు.

"పూర్తిగా మూసుకుంటున్నానా బావా?" అని అడిగాడు వాడు తింటూ.

"పూర్తిగానే."

"తగ్గుతుందా?"

"కొందరికి తగ్గుతుంది. కొందరికి తగ్గదు. నీకు ఎటో నాకు తెలీదు రా."

వాడు తలూపాడు. ఆ మాటలు అంత మెత్తగా, అంత సూటిగా వాళ్ళిద్దరి మధ్యా నడుస్తుంటే నేను తట్టుకోలేకపోయాను. ఇన్నేళ్ళు పెంచినదాన్ని నేను. వాడి మొహం అలా వాడిపోయి ఉంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. కూర వడ్డిస్తూ, "ఇదొక్కటేనా క్లబ్బు లోకంలో? నీలాంటి ఆటగాణ్ణి ఎవరైనా కళ్ళకద్దుకుని తీసుకుంటారు. చూస్తూండు, నెల తిరక్కుండా మన గుమ్మంలోకి వస్తారు" అన్నాను.

వాడు ముద్ద కలపడం ఆపాడు. నా మొహంలోకి చూడలేదు. పక్కకి తిరిగాడు.

"నిజమా బావా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. ఒక్కసారికి, ఈ ఒక్కసారికి. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"రారు రా" అన్నాడు.

వాడు మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. మా ఆయన కూడా తిన్నాడు. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.